విడుపు దాకా చూడకూడదు

1980వ సంవత్సరం, శివరాత్రి వెళ్ళగానే వచ్చిన అమావాస్య. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం. అప్పుడు నేను అనంతపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. నా అసలు ఉద్యోగం బెంగుళూరు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ళకు కదలిక నేర్పించే పని. పదవీ విరమణ చేసేలోపు ఎందరో పిల్లల్ని చూశాను. అయినా మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏదని ఎవరైనా అడిగితే, నాకు ఆ మధ్యాహ్నమే కళ్ళముందుకొస్తుంది. ఒక పిల్లవాడు తల్లి దగ్గర ఉంటాడా, ఇలాంటి పిల్లల్ని వదిలేసి వచ్చే ఊరుకాని ఊళ్ళో మఠానికి పోతాడా అన్నది ఆ రోజు ఏటి ఇసుకలో తేలింది.

ముందు మా పని సంగతి చెప్పాలి. దాన్ని ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటారు. పుట్టుకతోనో, పుట్టగానే వచ్చిన జబ్బుతోనో వెనకబడిన పిల్లలకు, పెద్దయ్యాక చూద్దాంలే అనుకోకుండా, మొదటి రెండు మూడేళ్ళలోనే తల నిలపడం, కూర్చోవడం, చూపు కలపడం నేర్పడం. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఎప్పుడో అన్నదానికి మావాళ్ళు పెట్టుకున్న ఇంగ్లీషు పేరు అది. జిల్లా అంతా నేనొక్కదాన్నే తిరగలేను కదా. అందుకని పిల్లల పెంపకం పాఠాలు చెప్పే లెక్చరర్లకు నేను నేర్పితే, వాళ్ళు తమ విద్యార్థినులకు నేర్పుతారు, ఆ అమ్మాయిలు బాలవాడీ టీచర్లై పల్లెలకు పోతారు. కాగితం మీద చాలా చక్కటి ఏర్పాటు.

లెక్చరర్లు నోట్సు రాసుకోవడంలో మహా గట్టివాళ్ళు. సెరిబ్రల్ పాల్సీ అంటే మెదడుకు దెబ్బ తగిలి ఒళ్ళు బిగుసుకుపోయే స్థితి అని నేను నోరు తెరవక ముందే రాసేసుకునేవారు. పిల్లను ముట్టుకోమంటే మాత్రం కొంగు సర్దుకుంటూ వెనక్కి జరిగేవారు. బెంగుళూరు నుంచి లారీలో ఒక కార్నర్ చైర్ తెప్పించాను. గది మూలలాగా వీపుకూ పక్కలకూ ఆసరా ఇచ్చే చెక్క కుర్చీ అది. తనంతట తాను కూర్చోలేని పిల్లను అందులో కూర్చోబెడతాం. అందరూ దాని చుట్టూ చేరి ఉత్సవ విగ్రహాన్ని చూసినట్టు చూసి, కొలతలు రాసుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

వాళ్ళలో వేదవతి ఒక్కతే వేరు. ధర్మవరంలో పట్టుచీరల ఇంటి కోడలు, రోజూ బస్సులో వచ్చి పోయేది. పిల్లను ఎత్తుకునే తీరు నేర్పడానికి నేనొక గుడ్డబొమ్మను వాడేదాన్ని. మిగతావాళ్ళు దాన్ని పసిపాపను ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నారు. వేదవతి మాత్రం బొమ్మ కాళ్ళు విడదీసి నడుముకు అటొకటీ ఇటొకటీ వేసుకుని, వెనక్కి వాలబోయే తలకు అరచేయి అడ్డం పెట్టింది. బొమ్మ తల వాలదు. వాలుతుందని ఆ చేతికి ఎలా తెలిసింది? చేయి తిరిగినదానిలా ఉన్నావే అన్నాను. ఆమె బొమ్మను బల్ల మీద పెట్టేసింది.

"మూడేండ్లు దాటిపోయిన బిడ్డకు ఇది పనికొస్తాదా మేడం?" అని అడిగింది.

"ఆలస్యమైతే అవుతుంది, పనికిరాకుండా పోదు" అన్నాను.

ఆ మాట ఆమె నోట్సులో రాసుకోలేదు.

తర్వాత ఒక ఆదివారం చీర కొనడానికని వాళ్ళింటికి వెళ్ళాను. వేదవతి అత్త ఓబుళమ్మ మర్యాదగా చాప పరిచింది. చీరలు చూస్తుండగా లోపలి గదిలోంచి ధబ్, ధబ్ అని చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ ధబ్. గోడకు మడమ తగిలే చప్పుడు అది. ఒళ్ళు బిగిసిన పిల్లలు పడుకున్నచోట అలా తన్నుకుంటారు. నేను తల తిప్పేలోపు ఓబుళమ్మ లేచి రేడియో పెట్టి గట్టిగా తిప్పింది. వేదవతి మడత విప్పిన చీర మీదనుంచి కళ్ళెత్తలేదు. అంత పెద్ద ఇంట్లో రేడియో మోత కిందినుంచి ఆ మడమ చప్పుడు మాత్రం ఆగి ఆగి వస్తూనే ఉంది. ఆ ముఖాలు చూశాక, ఏమీ అడగకుండానే చీర కొనుక్కుని లేచాను.

గ్రహణానికి రెండు రోజుల ముందు చిత్రావతి ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడ నేను చూస్తున్న పాపాయి తల్లి, అమావాస్య నాడు రావద్దని చెప్పింది.

"ఆ పొద్దు బిడ్డను ఏట్లో గొంతుదాకా పూడుస్తాము మేడం. గ్రహణంతో వచ్చిన పీడ గ్రహణంతోనే పోవల్ల. భూదేవి లాక్కుంటాది."

మాకు అది కొత్త మాట కాదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణం మొర్రి అనే దేశం మనది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణంలో తిరిగిందనీ, అందుకే బిడ్డ ఇలా పుట్టిందనీ ఊరంతా తీర్పు చెప్పేసి ఉంటుంది.

"పూడ్చి నువ్వేం చేస్తావు?"

"నేనేం చేసేది? అట్ల తిరుక్కొని కూచుంటా. తల్లి కన్ను పడితే పీడ వదల్దంట. విడుపు దాకా చూడకూడదు."

విడుపు అంటే గ్రహణం పూర్తిగా వదిలే వేళ. అంతసేపు గొంతుదాకా ఇసుకలో ఉన్న బిడ్డ వైపు తల్లి చూడదు! ఆ పిల్లల్లో కొందరికి మామూలుగానే ఊపిరి తీయడం కష్టం. వద్దని చెప్తే వినరు, నన్ను ఊళ్ళోకి రానివ్వడం మానేస్తారు, అంతే. కనీసం అక్కడ చూసే కళ్ళు రెండైనా ఉండాలనుకున్నాను.

జీపు డ్రైవరు మస్తాన్ ఎదురుతిరిగాడు. "గ్రహణం పూట బండి తీసేది వద్దు మేడం. మా ఇంట్లో ఆయమ్మకు నెలలు నిండినాయి. తెలిస్తే మా అమ్మ నన్ను లోపలికి రానీదు."

"నువ్వు దిగొద్దు, పైకి చూడొద్దు. నన్ను ఏటి దగ్గర వదిలిపెట్టి జీపులో పడుకో."

దారిపొడుగునా మనిషి లేడు. వేరుశనగ పీకేసిన చేలు మోడుగా పడి ఉన్నాయి. ఊళ్ళలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఏటి ఒడ్డున మస్తాన్ కళ్ళమీద తువ్వాలు కప్పుకుని సీటులో ముడుచుకున్నాడు. నేను దిగి నడిచాను. ఎండ ఉంది గానీ అందులో వేడి లేదు. నా నీడ కత్తితో కోసినట్టు మరీ సన్నగా, నల్లగా పడుతోంది. గొర్రెలు మేత మాని గుంపుగా కూర్చుండిపోయాయి.

ఆ ఏట్లో నీళ్ళు చూసి అప్పటికి ఎన్నాళ్ళైందో. ఇసుకలో చెలమలు తవ్వుకుని ఆడవాళ్ళు చెంబుతో నీళ్ళు తోడుకునే చోటు అది. ఆ రోజు చెలమలు ఉండాల్సిన చోట తలలున్నాయి. వరసగా పిల్లల తలలు, ఇసుకమీద పెట్టినట్టు. ఒక్కో తలమీద కర్రలు పాతి వెదురు తట్ట బోర్లించారు, ఎండ తగలకుండా. తట్ట సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు గుండ్రంగా లేవు. కొడవళ్ళలా వంకర తిరిగి ఉన్నాయి. పైన సూర్యుడు ఎంత మిగిలాడో అంతే ఆకారంలో, వందలకొద్దీ చిన్న కొడవళ్ళు ఆ పిల్లల ముఖాలమీద వణుకుతున్నాయి. ఆ తలలకు కాస్త దూరంలో తల్లులు అటు తిరిగి కూర్చున్నారు. ఏడుపు లేదు, మాట లేదు. చదువుకున్నదాన్నే, గ్రహణం అంటే ఏమిటో తెలిసినదాన్నే. అయినా భయమేసింది.

మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో పిల్ల ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి ఊపిరి చూస్తూ జరిగాను. నా పాపాయి బాగానే ఉంది, నన్ను చూసి కళ్ళార్పింది. వరస చివర, మిగతావాళ్ళకు ఎడంగా, నూనె పెట్టి దువ్విన తల ఒకటి ఉంది. బుగ్గన దిష్టిచుక్క. ఈ పిల్లవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. కానీ వాడి ముందు అటు తిరిగి కూర్చున్న వీపు నాకు తెలుసు. తరగతిలో బోర్డు మీద రాయడానికి తిరిగినప్పుడు రోజూ చూసే వీపు.

"వేదవతీ" అన్నాను.

వీపు కదలలేదు. "మీరెందుకొచ్చినారు మేడం?"

కాస్త అవతల మరో వీపు. ఓబుళమ్మ. "ఎవురమ్మా అది? ముట్టాకు, బిడ్డను ముట్టాకు!"

పిల్లవాడి పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. పేరు మధు అని తర్వాత తెలిసింది. ఇసుకను మరీ గట్టిగా అదిమారు. ఎద ఎగరడానికి చోటు లేదు, గొంతులో గురగుర శబ్దం.

"వీడికి ఊపిరాడటం లేదు వేదవతీ. తీసేస్తున్నాను."

"తీయాకండి!" ఆ గొంతు పగిలింది, తల మాత్రం తిరగలేదు. "ఇదొక్కటే మిగిలింది మేడం. ఈ పొద్దు కాకపోతే బిడ్డను మఠంలో విడిచిపెడతారు. మా ఆయన మఠమోళ్ళకు మాటిచ్చేసినాడు. మీకు దండం పెడతా, అబద్ధాలు చెప్పి నన్ను తిప్పొద్దండి."

"అబద్ధమైతే నువ్వే చూడు."

"చూస్తే పనంతా చెడిపోతాది."

"చూడకపోతే బిడ్డే పోతాడు."

ఆమె తిరగలేదు. వాదించడానికి టైము లేదు. "బయటికి తీయను, ఎదమీది ఇసుక మాత్రం తోడేస్తాను, సరేనా?" అన్నాను. "తోడండి" అని ఒక్క మాట వచ్చింది.

చెలమ తవ్వినట్టు రెండు చేతులతో తోడాను. ఎద ముందూ, చేతుల చుట్టూ ఖాళీ చేశాను. నడుముదాకా ఇసుక అలాగే ఉంది. వీపు వెనకా పక్కలా గట్టిగా అదిమిన ఇసుక గోడలా నిలిచింది. లోపల మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టారని చేతికి తెలిసింది. మధు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీశాడు, దగ్గాడు, మళ్ళీ తీశాడు. పెదాలకు రంగు వచ్చింది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

సరిగ్గా అప్పుడు వెలుగు ఇంకా పడిపోయింది. మా దగ్గర సూర్యుడు పూర్తిగా మునగలేదు గానీ గోరంతే మిగిలాడు. ఏరంతా బూడిద రంగు. ఎక్కడో కాకులు గూళ్ళకు చేరుతున్న అరుపు, తర్వాత అదీ లేదు. ఆ సందు వెలుగులో ఒక పక్కకు ఒరిగి ఉన్న మధు తల మెల్లగా లేచింది. ఊగింది, పడబోయింది, నిలిచింది. ఇంట్లో వెల్లకిలా పడుకోబెట్టి ఉంచినన్నాళ్ళూ విల్లులా వెనక్కి విరుచుకున్న ఒళ్ళది. తుంటి దగ్గర ముడిచి కూర్చోబెట్టి, వెనకనుంచీ పక్కలనుంచీ ఆసరా ఇస్తే ఆ బిగువు సడలుతుంది. దాన్నే పొజిషనింగ్ అంటాం. బెంగుళూరు కుర్చీ చేయాల్సిన పని ఏటి ఇసుక చేసిపెట్టింది. నాకిది పుస్తకంలో తెలుసు. కానీ ఆ చీకట్లో, ఇసుకలోంచి ఒక బిడ్డ తల తనంతట తాను లేవడం చూస్తే పుస్తకం గుర్తురాలేదు.

వాడు తల నిలిపి ఏం చూస్తున్నాడో చూశాను. తల్లి వీపును.

"వేదవతీ, తల నిలిపాడు. హెడ్ కంట్రోల్ అని రాసుకున్నావే, అది ఇక్కడుంది. నీ వైపే చూస్తున్నాడు. నీ వీపు తప్ప వాడికేం కనిపించడం లేదు."

ఓబుళమ్మ అరిచింది, "తిరుక్కుంటివా, నా కొడుకిల్లు కూలుతాది చూడు!"

వేదవతి తిరిగింది.

మోకాళ్ళమీద పాకుతూ వచ్చి వాడి ముఖానికి ఎదురుగా బోర్లా పడుకుంది, తన తలా ఇసుకమీదే. వాళ్ళిద్దరి ముఖాలమీదా కొడవలి చుక్కలు. మధు ఆమెను చూశాడు. కళ్ళు పక్కకు పోలేదు. గొంతులోంచి ఒక శబ్దం తీశాడు. ఏడుపు కాదు. అలాంటి శబ్దం వాడి నోట అంతకుముందు వినలేదని వేదవతి తర్వాత చెప్పింది.

వెలుగు మళ్ళీ పెరిగింది. ఊళ్ళో కోడి కూసింది, తెల్లారిందనుకుని. విడుపు అయ్యాక తల్లులు తిరిగి పిల్లల్ని తవ్వి తీశారు. ఏ ఒక్కరిలోనూ మార్పు లేదు. మధును పైకి తీయగానే వాడి కాళ్ళు కత్తెరలా పెనవేసుకున్నాయి, తల వెనక్కి వాలిపోయింది. ఓబుళమ్మ కోడలి ముఖంలోకి చూసింది.

"తిరిగి చూసినావు కదా?"

"చూసినా అత్తా."

"అయిపాయ పో. చేతులారా చెడగొట్టుకుంటివి."

వాళ్ళను నా జీపులోనే ధర్మవరం తీసుకొచ్చాను. ఊరి మొగలో వేదవతి ఉన్నట్టుండి నన్ను అడిగింది, "ఇసుకలో నిలిచిన తల ఇంట్లో ఎందుకు నిలవదు మేడం?" అన్నేళ్ళ ట్రైనింగుల్లో ఒక లెక్చరరు నన్నడిగిన మొదటి అసలైన ప్రశ్న అది. ముడుకులు వంచి కూర్చోబెట్టడం, వీపు ఆసరా, అన్నీ చెప్పాను. కాలేజీలో కుర్చీ ఉంది, కొన్నాళ్ళు తెచ్చుకోమన్నాను.

"కొన్నాళ్ళే కదా" అంది. మళ్ళీ తనే, "ఇంట్లో గుంత ఉండాది మేడం. మా మామది" అంది.

ధర్మవరం గుంత మగ్గం తెలియనివాళ్ళకు చెప్తాను. నేత మనిషి నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టుమీద కూర్చుని నేస్తాడు. గుంతలో కాళ్ళకింద తొక్కుడు చెక్కలు. తొక్కితే పైన కప్పీమీద వేలాడే చట్రం కిర్రుమంటూ లేస్తుంది. ఆ ఇంటి పెద్దాయన ఆ మగ్గం మీదే, నేస్తూ నేస్తూనే పోయాడట. అప్పటినుంచి ఆ గది తాళం వేసి ఉంది. అమావాస్య అమావాస్యకు ఓబుళమ్మ లోపలికి పోయి దీపం పెట్టి వచ్చేది. అంతకు మించి ఎవరూ గడప దాటరు.

"చచ్చినోడి గుంతలో బిడ్డను దించుతావా?" ఓబుళమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీకేమన్నా పట్టిందా?"

"మఠానికి పంపేదానికి లేని భయం దీనికెందుకత్తా? వాళ్ళ జేజినాయన గుంతే కదా. ఉగాది దాకా ఉండనీ. అప్పటికీ తల నిలపకపోతే నేనే ఎత్తుకొనిపోయి విడిచిపెట్టొస్తా."

వేదవతి భర్త మంచివాడే గానీ నోరులేని మనిషి. తాళంచెవి తెచ్చి తల్లి చేతిలో కాకుండా భార్య చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో అంతవరకు జరగని పని అదట.

ఆ గది నాకూ నచ్చలేదని చెప్పాలి. కిటికీ లేదు. పడుగు లేని మగ్గం చీకట్లో పక్కటెముకల్లా నిలబడి ఉంది, గుంతలోంచి చల్లగా గాలి తగులుతోంది. గట్టుమీద బొంత పరిచాం, వీపు వెనక ఇసుక మూటలు పేర్చాం, మోకాళ్ళ మధ్య గుడ్డ చుట్టిన కర్ర నిలిపాం, కాళ్ళు గాల్లో వేలాడకుండా తొక్కుడు చెక్కలమీద దిమ్మలు కట్టాం. ఎదముందు, నేసిన బట్ట చుట్టుకునే మగ్గం దోనె, చేతులు ఆనించుకోవడానికి సరిగ్గా అమిరింది. లెక్చరర్లందరినీ బస్సెక్కించి అక్కడికే తెచ్చాను. వేదవతి వాళ్ళ ముందు తన కొడుకును ఎత్తి, ఎలా పట్టుకోవాలో చూపించింది. అంతవరకు కొంగులు సర్దుకున్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు చాపారు. కాలేజీలో నా కార్నర్ చైర్ మాత్రం అటెండరు బీడీ తాగడానికి పనికొచ్చింది.

ఉగాదికి ఇంకా కొద్దిరోజులుందనగా ఒక సాయంత్రం నేను వాళ్ళింటి ముందు గదిలో కాఫీ తాగుతున్నాను. అలవాటు ప్రకారం రేడియో మోగుతోంది. వేదవతి వంటింట్లో ఉంది. ఉన్నట్టుండి మగ్గం గదిలోంచి ధబ్ అని చప్పుడు, వెంటనే కిర్రుమని కప్పీ తిరిగిన శబ్దం. కాసేపాగి మళ్ళీ ధబ్, కిర్రు. ఓబుళమ్మ చేతిలో గ్లాసు ఒలికిపోయింది.

"ఆయనే" అంది గుసగుసగా. "ఆయన తొక్కు అట్లనే ఉండేది."

ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకునే వెళ్ళి తొంగిచూశాం. మధు తల నిలిపి కూర్చుని ఉన్నాడు. మడమ తొక్కుడు చెక్కమీద ఉంది. తొక్కాడు. పైన చట్రం లేచింది. వాడు తలెత్తి దాన్ని చూశాడు, కిర్రు ఆగేదాకా ఆగాడు. మళ్ళీ తొక్కాడు. అన్నాళ్ళూ ఊరికే గోడను తన్నిన మడమ అదే. ఇప్పుడు తొక్కితే ఏమవుతుందో దానికి తెలుసు.

ఓబుళమ్మ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత ముందు గదిలోకి వచ్చి రేడియో కట్టేసింది. చాపమీద కూర్చుని, గోడకు తల ఆనించి, ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.

ఉగాది వచ్చింది, వెళ్ళింది. మఠం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మధు నడవలేదు. నడుస్తాడని నేను ఎన్నడూ చెప్పలేదు కూడా. కానీ వాడు కూర్చుని అన్నం తిన్నాడు, పిలిస్తే తిరిగి చూశాడు, రేడియో కావాలో వద్దో జేజి ఓబుళమ్మకు కళ్ళతో చెప్పేవాడు.

కొన్నేళ్ళకు మళ్ళీ ఆ కాలేజీకి వెళ్ళి వేదవతి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. నా దగ్గర నేర్చుకున్న కుర్చీలూ కొలతలూ ఆమె మొదట ఎత్తలేదు. నోట్సులు మూయించింది. ఒక తల్లినీ బిడ్డనూ చాపమీద కూర్చోబెట్టి, అమ్మాయిలందర్నీ వాళ్ళకు ఎదురుగా కూర్చోమంది. ఏమీ చేయొద్దు, చూడండి అంది. ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నదంతా అంతే. బిడ్డకు ఏం చేయాలన్నది తర్వాతి పాఠం, ముందు అటు తిరిగి కూర్చున్నవాళ్ళను ఇటు తిప్పాలి.

ముందు వరసలో ఒక అమ్మాయి విసుగ్గా చేయెత్తింది. "ఎంతసేపు చూడల్ల మేడం?"

"విడుపు దాకా" అంది వేదవతి.

క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు, వెనక బెంచీలో నేనూ నవ్వలేదు.